ఒడ్డు దిగే చీటీ

పొద్దున్న ఆరున్నరకి ఓడ మెట్లెక్కుతాను.
నలభై మూడు మెట్లు. పక్కతాడు పట్టుకుంటే అరచేతికి గ్రీజు.
కింద ఛానల్ నీళ్లు, బొగ్గుమసితో బరువుగా.
చంకలో రిజిస్టరు, సంచిలో మూడు స్టాంపులు,
ఇంకు ప్యాడు ఎండకుండా ఒక చెమ్మగుడ్డ.

భోజనాల గదిలో బల్ల తుడిచి ఉంచుతారు.
ఇరవై రెండు మంది వరసగా వస్తారు.
మొహం చూస్తాను, ఫొటో చూస్తాను, మళ్లీ మొహం.
ఫొటోలో ఎవరూ ఇంత ఎండ తిని ఉండరు.
పేరు, పుట్టిన తేదీ, పుస్తకం గడువు.
గడువు దగ్గర నా వేలు ఆగుతుంది.
నా జీతమంతా అక్కడే ఉంది.

పంతొమ్మిదో మనిషి వంటవాడు, రోడెల్.
చేతులకి వెల్లుల్లి వాసన.
సీమన్ పుస్తకం గడువు తీరి తొమ్మిది రోజులు.
తొమ్మిది రోజుల కిందట ఈ ఓడ నడిసముద్రంలో ఉంది,
అక్కడ ఎవరు రాసిస్తారు కొత్త పుస్తకం?
అది నేను అడగాల్సిన ప్రశ్న కాదు.
"ఇది చెల్లదు. ఒడ్డు దిగడానికి వీల్లేదు" అన్నాను.
అతను వాదించలేదు.
వాదించేవాళ్లతోనే నాకు సులువు.
గుండ్రటి కిటికీలోంచి రాస్ హిల్ వైపు చూపించి
"పైన ఉన్నది మేరీమాతేనా?" అన్నాడు.
అవునన్నాను.
పక్క కొండ మీద దర్గా, ఆ పక్కన వెంకన్న,
వాళ్ల గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

మా నాన్న సూరాడ ఎల్లాజీ ఒకసారి గీత దాటాడు.
ఇంజను చెడి మూడు రాత్రులు గాలి తోసినవైపు పోయారు.
నాలుగో పొద్దున తెల్లబోటొకటి వచ్చింది,
మైకులో తెలియని భాష.
ఏడు నెలలు పరాయి జైల్లో, నల్లపప్పు, లావు బియ్యం.
ఎందుకు దాటావని కోర్టులో అడిగారట.
"నీటి మీద గీత నీకగుపడతాదేటి బాబూ?
నాకైతే అగుపడ్నేదు."
దుబాసీ ఆ మాటని ఎలా తిప్పాడో గానీ
ఇంకో నెల పొడిగించారు.

తిరిగొచ్చినప్పుడు చేతిలో ఒకటే కాగితం.
ఒక్క ప్రయాణానికే చెల్లునని పైన రాసుంది.
పేరు తప్పు. ఊరు తప్పు. వయసు పదేళ్లు ఎక్కువ.
ఆ తప్పుడు మనిషే జాలారిపేట ఇంటికి చేరగలిగాడు.
రేషన్ కార్డు పక్కన, ప్లాస్టిక్ కవర్లో, ఇప్పటికీ ఉన్నాడు.
నాకీ ఉద్యోగం వచ్చినరోజు
నాన్న స్టాంపుని అరచేతిలో పెట్టుకుని
చేపని తూచినట్టు తూచి చూశాడు.
"ఇంతేనేటి" అన్నాడు.

రోడెల్‌కి ఇదేమీ చెప్పలేదు.
అతను ఆప్రాన్ జేబులోంచి ఒక నాణెం తీసి
బల్ల మీద నావైపు జరిపాడు.
"ఒక కొవ్వొత్తి. నాకోసం కాదు,
మా ఓడ ఇంజను కోసం" అని నవ్వాడు.
తీసుకోకూడదు.
ఇంజను అన్నాడు కాబట్టి తీసుకున్నాను.

సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాంతోనే కొండెక్కాను.
పుట్టిన దగ్గర్నుంచీ కిందినుంచే చూసిన కొండ.
మెడలో గుర్తింపు కార్డు వేలాడుతూనే ఉంది,
ఎవరూ చూపించమనలేదు.
మెట్ల దగ్గర కొవ్వొత్తులమ్మే ముసలామె
నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"ఇది సెల్లదమ్మా" అంది.
పొద్దున్న నేనన్న మాటే, నా గొంతు లేకుండా.
పది రూపాయలిచ్చాను.

గాలికి రెండుసార్లు ఆరిపోయింది.
మూడోసారి పక్కనెవరో చెయ్యి అడ్డం పెట్టారు.
పైనుంచి చూస్తే ఓడ అగ్గిపెట్టంత.
వెనక భాగంలో ఎవరో బకెట్టు వంచి నీళ్లు పారబోశారు,
అతనో కాదో.

ఎల్లుండికి బెర్త్ ఖాళీ.
రిజిస్టర్లో పంతొమ్మిదో వరస, నా దస్తూరీ:
అనుమతి లేదు.
నాణెం మాత్రం దిగింది.
దానికి చీటీ రాయలేదు, గడువు చూడలేదు.
సొరుగులో స్టాంపుల పక్కనే ఉంటుంది.
ఇంకు ప్యాడు కోసం తడిమినప్పుడు
ఒక్కోసారి వేలికి తగులుతుంది, చల్లగా.